చేతి కొలత

ఫాల్గుణ మాసం, మధ్యాహ్నం. శ్రీరామనవమికి ఇంకా ఇరవై రెండు రోజులు. చర్ల దారిలో, ఢోలకులు చేసే బొజ్జయ్య పాక ముందు చాప పరచి ఉంది. దుమ్ముగూడెం ఆడవాళ్ళ భజన మేళానికి పెద్ద పద్మావతమ్మ, పదకొండేళ్ళుగా ఆ మేళానికి ఢోలక్ వాయిస్తున్న కళావతి ఆ చాప మీద కూర్చున్నారు.

"గట్ల కాదు బిడ్డా. మీద మీద తడితే ఏం తెలుస్తది? వేలి కణుపుతోని కొట్టు. ముందుగాల కట్టెను కొట్టు, తోలు సంగతి తర్వాత."

"కొట్టిన తాతా. ఈ ఎర్రది రెండు ముక్కలు అతికించింది. కొసకు ఠక్కుమంటది, నడుమ తుస్సుమంటది. లోపల జిగురు పెట్టి రంపపు పొట్టు కూరిండ్రు."

"చూడకుండానే ఎలా చెప్పేస్తావే కళావతీ? పైన ఆ రంగు చూడు, అద్దంలా ఎంత మెరుస్తోందో!"

"అందుకే చెప్తున్న అక్కా. పగులు లేని కట్టెకు గంత రంగెందుకు? పెళ్ళిచూపుల్ల పిల్లకు పౌడరు దట్టంగ పూసిండ్రంటే ఏదో ఉన్నట్టే గద."

"అది నేను చేసింది కాదమ్మగారూ. ఎవలో పట్నంల కొనుక్కొచ్చి, తోలు మార్చుమని నా కాడ పడేసి పోయిండ్రు. నేను చేస్తే గుమ్మడి టేకుతోనే చేస్త. అది కూడా గాలికి పడ్డ చెట్టయితేనే."

"ఫారెస్టువాళ్ళు ఊరుకుంటారా బొజ్జయ్యా?"

"గాలి పడగొట్టింది, గాలి మీద కేసు రాసుకోండ్రి అంట."

"సరేలే. కళావతీ, ఆ పక్కదాన్ని చూడు. తొందరగా తేల్చు. చీకటి పడకుండా పోలీసు క్యాంపు దాటాలి."

"పొద్దు ఇంకా నెత్తి మీదనే ఉంది అక్కా. పెండ్లి సంబంధం చూసినా ఇంత జల్దీ పెట్టరు. తాతా, గుప్పెడు ఒడ్లు ఉంటే ఇయ్యి."

"ఒడ్లెందుకే?"

"తోలు మీద చల్లి, అంచు మీద వేలితోని కొట్టాలె. గింజలన్ని ఒక్క తీరుగ ఎగిరితే తోలు అంతటా ఒక్క మందం ఉన్నట్టు. ఒక దిక్కే కుప్ప పడ్డయంటే ఆ దిక్కు కత్తి సరిగ ఆడలేదన్నట్టు. ఆ, ఇగో... చూసినవా? అన్ని నీ దిక్కే ఉరుకుతున్నయ్."

"నా వైపా?"

"గింజలెప్పుడు పెద్దోళ్ళ దిక్కే పోతయ్ గద అక్కా. ఇది కూడా వద్దు."

"నీకు ఎకసెక్కాలు ఎక్కువయ్యాయి. బొజ్జయ్యా, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?"

"ఇస్తానమ్మగారూ. బిడ్డకు చెవి మంచిగుంది. ఆ మామిడి కట్టెది నేను చిన్నగున్నప్పుడు చేసింది. తోలు తప్పు నాకు తెలువబట్టి నలభై ఏండ్లాయె, మంది ఎవలూ కనిపెట్టలే. ఇగ అమ్మగారూ, మీరు ఆషాఢంల పంపిన ఆ..."

"నీళ్ళు, బొజ్జయ్యా. ముందు నీళ్ళు."

"తెస్త, తెస్త."

"అక్కా, ఆషాఢంల ఏం పంపినవ్?"

"ఏముంటుంది? ఏదో కబురు. ముసలాడికి ఏది ఎప్పుడో గుర్తుండదు."

"నలభై ఏండ్ల కింది తోలు గుర్తుంది గద."

"కళావతీ, నువ్వు ఢోలకులు చూడు. నన్ను కాదు."

"చూస్తున్న. అక్కా, నిజం చెప్పాల్నా? నీ జీపు మా ఇంటి ముందు ఆగి, 'ఎక్కవే, మంచి ఢోలక్ ఎంచాలి, నీ చెవి కావాలి' అని నువ్వు అంటే, పొయ్యి మీద పాలు గుర్తురాలే నాకు. ఈ పాటికి పొంగి, మాడి, గిన్నె కూడా పోయి ఉంటది. మా కొడుకు రామకృష్ణ వాసన పట్టి లేస్తే సరే, లేకుంటే లేదు."

"పోనీలే, గిన్నెదేముంది."

"అవ్, గిన్నెదేముంది! పదకొండేండ్లు అక్కా. ఆ పాత ఢోలుకు లప్పం పెట్టి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి, అది దగ్గితే నేను పాట గట్టిగ ఎత్తుకొని, గట్ల నెట్టుకొచ్చిన. భద్రాచలంల నవమికి మన మేళానికి పాట ఇయ్యాలని పదకొండు సార్లు దరఖాస్తు పెట్టినం. పదకొండు సార్లూ రాసింది నేనే. ఈసారి ఇచ్చిండ్రు. టీవీల గూడ వస్తదంటున్నరు. మా ఇంటాయన కేబులు పెట్టించిండు తెలుసా? వార్తలకు కూడా పెట్టియ్యనోడు."

"అవునా? అయ్యో... మంచిది. ఎండ బాగా ఉంది కదూ."

"నీడల కూసున్నం అక్కా."

"ఇగో నీళ్ళు అమ్మగారూ."

"హమ్మయ్య. ఏమే, మా పద్మప్రియ ఎలా వాయిస్తోందంటావు? నీ దగ్గరే నేర్చుకుంటోంది కదా."

"నీ చిన్నకోడలా? బుద్ధి ఉంది, తాళం ఉంది. చేతులే చిట్టి చేతులు. చిన్నపిల్లల ఢోలకు మీద ముద్దుగ కొడతది. పెద్దదాని మీద ఆ వేళ్ళు నడుమకు చేరవు. 'ఆంటీ, నా చెయ్యి ఎప్పుడు పెరుగుతది?' అంటది. ఇరవై మూడేండ్లకు ఇంకేం పెరుగుతది, పొద్దుపోక నేర్సుకునుడు గద, నడుస్తది అన్న."

"పొద్దుపోకే... అవును. ఆ మూలన గుడ్డ కప్పి ఉంది, అదేమిటి బొజ్జయ్యా?"

"అదే గదమ్మగారూ మీది! అదే చెప్పబోతుంటే మీరు నీళ్ళు నీళ్ళు అనబడితిరి. ఇగో."

"అబ్బ! తాతా, ఏంది ఇది, పసిపిల్లను చుట్టినట్టు చుట్టినవ్?"

"పసిపిల్లనే బిడ్డా. ఇంకా ఎవల చెయ్యీ పడలే. కట్టె ఆరు నెలలు నీడల ఆరింది. ఎండకు పెట్టలే, పొయ్యి మీది అటుక మీద పెట్టలే. మేకతోలు, చన్నీళ్ళల్ల నానబెట్టింది. తట్టి చూడు కట్టెను."

"ఏమయిందే? చెవి అలా ఆనించావేం?"

"ఆగు అక్కా. ఇంకా మోగుతుంది."

"తోలు వాసన చూడు బిడ్డా."

"ఉప్పు వాసన లేదు, కుళ్ళు వాసన లేదు. వెలుతురుకు పెడితే... కత్తి గీత ఒక్కటి కూడా లేదు. తాతా, ఒడ్లు అక్కర్లేదు దీనికి."

"అయినా చల్లు."

"చల్లిన. అక్కా, చూడు చూడు! అన్ని ఒక్కపారి లేస్తున్నయ్, ఒక్కపారి కూసుంటున్నయ్. బడిల పిల్లల తీరు. తాతా, మూతి ఇంత వెడల్పు ఎట్ల పెట్టినవ్? దుకాణంల గిట్ల దొరకదు."

"దుకాణంల అందరికీ ఒక్క కొలత. చెప్పుల లెక్క. మా నాయన నాకు నేర్పింది వేరే. చెయ్యి తెలువకుండ మూతి కొయ్యొద్దు అనేటోడు. అరచెయ్యి ఆనిస్తే మణికట్టు అంచు మీదికి రావాలె, నడిమి వేలు కొస నడుమకు చేరాలె. చెయ్యి చిన్నదై మూతి పెద్దదైతే ఎంత మంచి కట్టె అయినా రేకు డబ్బనే. అందుకే కొలత లేందే నేను ఉలి పట్ట."

"పెట్టి చూడనా?"

"పెట్టు మరి."

"మణికట్టు ఈడ... వేలు... అక్కా. అక్కా! ఇటు చూడు! గింజంత తేడా లేదు! నాకు చెప్పకుండ చేయించినవా? ఆషాఢం అంటే ఇదా? ఎనిమిది నెలల నుంచి కడుపుల పెట్టుకున్నవా నువ్వు? నేను ఇప్పుడు నిన్ను ఎకసెక్కం చేసిన నోరు ఏడ పెట్టుకోవాలె!"

"అదీ... కళావతీ... ఫోను! నాని చేసినట్టున్నాడు."

"మోగలే గద అక్కా."

"మోగుతుంది, మోగుతుంది. కొడుకు ఫోను చేస్తే తల్లికి తెలియదూ? ఇక్కడ సిగ్నలుండదు. ఆ గుట్ట మీదికి వెళ్ళి మాట్లాడి వస్తా."

పద్మావతమ్మ గుట్ట వైపు వెళ్ళింది.

"సిగ్గుపడ్డది తాతా. గట్లనే ఉంటది. మంచి చేసినప్పుడే మొహం దాచుకుంటది. మొన్న నాకు చీర పెట్టినప్పుడు కూడా గిట్లనే, 'ఇంట్లో అడ్డంగా పడి ఉంది' అన్నది. ఒక్క దెబ్బ కొట్టనా?"

"ఆగు బిడ్డా. తోలు మీద కొట్టకు."

"ఎందుకు?"

"మొదటి దెబ్బ ఎవలి కోసం కోసిందో వాళ్ళే కొట్టాలె. నువ్వు... అమ్మగారి కోడలివి కాదా?"

"నేనా? కోడల్నా? తాతా, నీ కండ్లు ఏడికి పోయినయ్? నాకు నలభై రెండు. నేను దుమ్ముగూడెంల మిషను కుట్టుకుంట బతికేదాన్ని."

"అట్లనా."

"ఏంది, అట్లనా? ఏం చెప్పింది నీకు?"

"నన్నడుగకు బిడ్డా. కట్టె సంగతి అడుగు, చెప్త."

"కట్టె సంగతే అడుగుతున్న. ఇది ఎవల చెయ్యి?"

"చిన్నకోడలిది అని చెప్పింది. ఈసారి నవమికి వాయించేది ఆ పిల్లనే, టీవీల వస్తది, లోపం ఉండొద్దు అని మొన్న కబురు పెట్టింది. నువ్వు చెవి ఉన్నదానివట, నా పనిల లోపం ఉంటే పడుతవని తీస్కవస్త అన్నది. నా మనసు నువ్వే కోడలివనుకున్నది, చెయ్యి గట్ల సరిపోయేసరికి. ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లేదు. గింజలు ఏరుతున్న. చాప మీద పడ్డయ్."

"కోళ్ళు తింటయ్ తియ్యి."

"ఏరనియ్యి తాతా. చేతికి ఏదో ఒక పని ఉండాలె. కొలత ఎట్ల పంపింది? పిల్లను తెచ్చిందా?"

"లేదు. దారం పంపింది. ఇగో, చూరుకు కట్టి దాసిన. మణికట్టు కాడ ఒక ముడి, నడిమి వేలు కొసకు ఒక ముడి. అడ్డంగ ఇంకో దారం. ఇంత సక్కగ ముడేసిన దారం నేను చూడలే."

"ఇయ్యి ఇటు."

"ఏమయింది?"

"ఇది నా మిషను దారం తాతా. నీలం, పచ్చ కలిపి పేనింది. అడుగు బొడుగు దారాలు పారేయబుద్ధిగాక నేనే పేన్త. ముడి నాదే. కాజాకు వేసే ముడి."

"నువ్వే కొలిచినవా?"

"నేనే. ఆషాఢం ఆదివారం. గోరింటాకు రుబ్బి, గిన్నె నిండ పట్టుకొని వాళ్ళింటికి పోయిన. 'మా కోడలికి చేతి మీద నగ చేయిస్తున్నా, మణికట్టు నుంచి వేలి దాకా గొలుసులొచ్చేది, కంసాలికి కొలత కావాలి, కాస్త తీసి పెట్టవే' అన్నది. తీసి పెట్టిన. మీదికెళ్ళి 'అదృష్టవంతురాలివి పిల్లా' అన్న."

"అయ్యో."

"ఆషాఢంల కొలత. శ్రావణంల నా కాడికి నేర్సుకోను పంపింది. అంటే ఆ పిల్ల ఢోలు ముట్టకముందే నా పని అయిపోయింది తాతా. ఎనిమిది నెలలు అక్క నా ఇంట్ల కూసొని నా చాయ్ తాగి పోయింది. చక్కెర తక్కువైంది అని కూడా అన్నది."

"నవ్వుతున్నవేంది బిడ్డా? ఏడువు. ఏడిస్తే పోతది."

"ఏడుస్త. ముందు ఒక్కటి చెప్పు. ఈ దారం తప్ప ఇంకో కొలత ఏమన్న వచ్చిందా నీకు?"

"లేదు. ఇదొక్కటే."

"నవమి లోపల ఇంకోటి చెయ్యగలవా?"

"ఏడ బిడ్డా? కట్టె ఆరాలె. వచ్చే యేడు మాట."

"మంచిది."

"ఏం మంచిది?"

"వస్తుంది చూడు. చెప్పులు విప్పుతుంది."

పద్మావతమ్మ తిరిగి వచ్చింది.

"అబ్బబ్బ, ఏం ఎండ! అయిందా చూడటం?"

"అయింది అక్కా. నాని మంచిగున్నడా?"

"ఆ, బాగానే ఉన్నాడు."

"ఏమంటడు?"

"ఏముంది, ఎప్పుడొస్తావు అని."

"ఫోను నీ సంచిలనే ఉంది గద అక్కా. సంచి ఈడనే ఉండె. నీళ్ళు తాగుతవా?"

"బొజ్జయ్యా! ఏం వాగావు నువ్వు?"

"నన్ను నడుమల వెయ్యకుండ్రి అమ్మగారూ. నేను రెండు మూతులున్నదాన్ని చేసేటోన్నే గానీ, నాకు ఉన్నది ఒకటే మూతి."

"ఆయన్ననకు అక్కా. నవమికి ఢోలు ఎవలు కొడుతున్నరు?"

"మన మేళం కొడుతుంది. ఎవరు కొడితే ఏమిటి?"

"మేళానికి నలభై చేతులు ఉన్నయ్. ఢోలు మీదికి రెండే పోతయ్. ఎవలవి?"

"నువ్వు మనసులో పెట్టుకోకు కళావతీ. టీవీ వాళ్ళు వస్తున్నారు. ముందు వరసలో చదువుకున్న పిల్లలు, కాస్త చూడ్డానికి..."

"టీవీవాళ్ళ సంగతి మనకు తెలిసింది పోయిన నెల. ఈ కొలత తాతకు చేరింది ఆషాఢంల."

"ముందుచూపు ఉండాలి కదే దేనికైనా."

"అవ్. నాకే లేదు."

"అసలు నువ్వు లేకుండా మేళం ఎక్కడిది? నీకు తాళాలు ఇస్తాం."

"తాళాలు."

"పెద్దవి. ఇత్తడివి. మీ ఆయన కేబులు ఎక్కడికీ పోదు, నువ్వూ కనపడతావు."

"ఏ వరసల?"

"ఏ వరసయితేనేం... పద్మప్రియ నీ శిష్యురాలు కాదూ? అది వాయిస్తే పేరు నీకే కదా."

"అడిగితే ఇచ్చేదాన్ని అక్కా. నిజంగ ఇచ్చేదాన్ని. ఓ కళావతీ, నాకు కోడలి ముచ్చట తీర్చుకోవాలని ఉంది, ఈ ఒక్కసారి జరుగు అంటే, నాలుగు రోజులు నీతోని మాట్లాడకుంట ఉండి, అయిదోనాడు నేనే వచ్చి ఆ పిల్లకు చేతులు దిద్దేదాన్ని. నువ్వు అడగలే. నన్ను జీపు ఎక్కించుకొని తెచ్చి, నా చెవితోనే ఎంచమంటివి. ఇంటికి కన్నం వేస్తూ ఇంటామెనే దీపం పట్టుకోమన్నట్టు."

"మరి నాకెవరున్నారే నమ్మకంగా చెప్పేవాళ్ళు? ఢోలు గురించి నాకేం తెలుసు? నువ్వు మంచిదంటే మంచిది, చెడ్డదంటే చెడ్డది. అబద్ధం చెప్పే మనిషివి కాదు నువ్వు."

"గదే అక్కా నా కర్మ."

"ఏడుస్తున్నావా?"

"లేదు. ఒడ్ల దుమ్ము."

"చూడు, కోపం పక్కన పెట్టి ఒక్క మాట చెప్పు. ఇంత దూరం వచ్చాం. ఇది మంచిదేనా?"

"మంచిదే. ఇంత మంచిది నేను చూడలే. నూరేండ్లు పలుకుతది."

"లోపం ఏమీ లేదు కదా?"

"కట్టెల లేదు, తోలుల లేదు, తాత చేతుల లేదు."

"మరి మా పద్మప్రియ చేతికి సరిగ్గా కుదురుతుందా? నలుగురిలో నవ్వులపాలు కాకూడదు."

"దారం ఎంతనో మూతి అంత అమ్మగారూ. నా కాడ తేడా లేదు. చెయ్యి మారిందంటే మాత్రం నేను పూచీ కాదు."

"చెయ్యెందుకు మారుతుంది? కొలత తీసింది కళావతే కదా. ఇరవయ్యేళ్ళుగా నా రవికెలు కుడుతోంది, దాని కొలత ఒక్కసారైనా తప్పిందా? ఏమే కళావతీ, చెప్పు ఆయనకి."

"తప్పలే అక్కా. కొలత తప్పలే. కాకపోతే ఆ ఆదివారం నువ్వు కొలత అడిగేసరికి నీ కోడలు రెండు చేతులకు మోచేతుల దాక నేను తెచ్చిన పచ్చి గోరింటాకు పెట్టుకొని కూసున్నది. ముట్టుకుంటే చెదిరిపోతదని గోలపెట్టింది. కంసాలి నగే గద, వదులైతే వాడే కరిగించుకుంటడులే అని, ఆ దారం నేను నా చేతి మీదనే ముడేసిన."